మా ఇంట్లోవాళ్లు వచ్చిన దారి: పిల్లలతో ప్రయాణ కథలు చెప్పిస్తున్న ప్రాజెక్టు డైరీ

మొదలు

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలతో వాళ్ల కుటుంబ ప్రయాణాల కథలు చెప్పించాలన్నది ఈ ప్రాజెక్టు. రాయించడం కాదు, నోటితో చెప్పించడం. ఒక పిల్ల లేచి నిలబడి, ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు చూస్తూ, తన ఇంట్లోవాళ్లు ఎక్కడినుంచి ఎక్కడికి ఎందుకు కదిలారో, దారిలో ఏం జరిగిందో ఐదారు నిమిషాలు చెప్పగలగాలి. విన్నవాళ్లకి ఇంటికెళ్లి దాన్ని ఇంకొకరికి చెప్పాలనిపించాలి. వారానికోసారి, బడి అయ్యాక గంటన్నర సేపు కలుస్తున్నాం.

ప్రయాణం అనగానే సెలవుల్లో వెళ్లొచ్చిన టూరే పిల్లలకి గుర్తొస్తుంది. అందుకే మొదటి రోజే బోర్డు మీద పెద్ద జాబితా రాశాను. పని కోసం ఊరు మారడం, పెళ్లయి కొత్త ఇంటికి రావడం, ట్రాన్స్‌ఫర్ వచ్చి సామాను సర్దుకోవడం, వరదొచ్చి ఇల్లు వదలడం, ఆస్పత్రికని రాత్రికి రాత్రి బయల్దేరడం, చదువు కోసం హాస్టల్లో చేరడం, వెళ్లినవాళ్లు తిరిగి రావడం. చివర్లో, అద్దె ఇల్లు ఖాళీ చేసి రెండు వీధుల అవతలికి మారడం కూడా రాశాను. "మేం ఎక్కడికీ వెళ్లలేదు టీచర్" అనే పిల్లలు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్లు మొదటి రోజే పక్కకి తప్పుకోకూడదు.

ఎన్నో విషయాలుండగా ప్రయాణమే ఎందుకంటే, దానికి కథ ఆకారం ముందే ఉంటుంది. ఒక చోటు వదలాలి, దారిలో ఉండాలి, ఇంకో చోటికి చేరాలి. ప్లాట్ కల్పించడం రాని పిల్లని కూడా దారే నడిపిస్తుంది. పైగా ప్రతి ప్రయాణం వెనకా ఎవరో ఒకరు "పోదాం" అని తేల్చి ఉంటారు. ఆ తేల్చిన ఘడియ చాలాసార్లు ఈ పిల్లలు పుట్టకముందే గడిచిపోయి ఉంటుంది. అది తెలియాలంటే ఇంట్లో ఎవరినో అడగక తప్పదు. ఆ అడగడం కోసమే నేను ఈ విషయం ఎంచుకున్నాను.

మొదటి వారాలు: ఏం జరిగిందో ఉంది, ఏమనిపించిందో లేదు

మొదట విన్న కథలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. పొద్దున్నే లేచాం, బస్సెక్కాం, దిగాం, చూశాం, తిరిగొచ్చాం, చాలా బాగుంది. వరస సరిగ్గానే ఉంది, ఒక్క మెట్టు కూడా తప్పలేదు. కానీ చెప్పేటప్పుడు వాళ్ల మొహంలో ఏ కదలికా లేదు. వినేవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఇది పిల్లల లోపం కాదు. మామూలు మనుషులు తమ అనుభవాలు ఎలా చెబుతారో భాషా పరిశోధకులు విలియం లబోవ్, జాషువా వాలెట్స్కీ 1967లో విడదీసి చూపించారు. జరిగినవాటిని వరసగా చెప్పడం కథలో ఒక పని మాత్రమే. ఇది ఎందుకు చెబుతున్నాను, ఇందులో నాకు ఏం పట్టింది అన్నది తెలియజేయడం రెండో పని. రెండోది లేకపోతే వినేవాడి మనసులో "అయితే ఏంటట?" అన్న ప్రశ్న మిగిలిపోతుంది. మా పిల్లలు మొదటి పని బాగానే చేస్తున్నారు. రెండోది వాళ్లని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బడిలో "వరసగా చెప్పు" అంటారు, "నీకు ఎక్కడ గుండె ఝల్లుమంది?" అని అడగరు.

వయసు సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. కెరోల్ పీటర్సన్, అలిస్సా మెక్‌కేబ్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల కథనాలు సేకరించి 1983లో ఒక పుస్తకం వేశారు. నాలుగేళ్ల పిల్లలు ఒక సంగతి నుంచి ఇంకోదానికి గెంతుతూ, మధ్యలో ముక్కలు వదిలేస్తూ చెబుతారు. ఐదేళ్లకి అసలు ఘట్టం దాకా తీసుకొచ్చి అక్కడే ఆపేస్తారు. ఆరేళ్లు వచ్చేసరికి ఆ ఘట్టం తర్వాత ఏమైందో కూడా చెప్పి ముగించగలుగుతారు. మా పిల్లలు అంతకంటే పెద్దవాళ్లు. అంటే సామర్థ్యం ఉంది, దాన్ని బయటికి రప్పించే మనిషి ఎదురుగా కావాలి.

ఆ ఇద్దరి దగ్గరే ఒక పద్ధతి తీసుకున్నాను. "నీ కథ చెప్పు" అనరు. ముందు తమకి జరిగిన చిన్న సంగతి ఒకటి మామూలుగా చెప్పి, "నీకెప్పుడైనా ఇలా అయిందా?" అని అడుగుతారు. పిల్ల మొదలుపెట్టాక మధ్యలో దారి చూపించరు. పిల్ల అన్న చివరి మాటని తిరిగి అనడం, "ఊ" అనడం, "ఆ తర్వాత?" అనడం, అంతవరకే. నేను చిన్నప్పుడు స్టేషన్‌లో మా నాన్న చెయ్యి వదిలేసి వేరే బోగీ ఎక్కేసిన సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పాను. అడగాల్సిన అవసరం కూడా రాలేదు. తప్పిపోయినవాళ్లు, తప్పిపోయాననుకున్నవాళ్లు, తమ్ముడిని వదిలేసి వచ్చిన కుటుంబం, అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. "చాలా బాగుంది" అని ముగించినవాళ్లే ఇప్పుడు చేతులు ఊపుతూ చెబుతున్నారు.

ఊకొట్టడం నేర్పిన రోజులు

మన కథల్లో ఊకొట్టేవాడికి ఎప్పుడూ చోటు ఉంది. ఊ అనేవాడు నిద్రపోతే కథ ఆగుతుంది. దాన్నే తరగతిలోకి తెచ్చాను. పిల్లలని జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పాలి, ఒకరు ఊకొట్టాలి అన్నాను. ఊకొట్టేవాడికి మూడు పనులు: మొహం చూడాలి, మధ్యలో తన కథ చెప్పకూడదు, అయిపోయాక ఒకే ఒక్క ప్రశ్న అడగాలి.

రెండో పని అన్నింటికంటే కష్టం. "మా బాబాయి కూడా..." అని నోటిదాకా వచ్చేస్తుంది. అయినా రెండు మూడు వారాల్లో నిలదొక్కుకున్నారు. ఎక్కువ ఎదిగింది మూడో పనిలో. మొదట్లో "ఏ బస్సు?", "ఎన్ని గంటలు పట్టింది?" అని అడిగేవాళ్లు. ఒకరోజు తొమ్మిదేళ్ల అబ్బాయి తన జోడీని, "సామాను ఎక్కిస్తుంటే మీ అమ్మ ఏం చేస్తోంది?" అని అడిగాడు. చెప్పే అమ్మాయి ఆలోచించి, "ఖాళీ ఇల్లు ఊడుస్తోంది. వదిలేసి పోయే ఇల్లే, అయినా ఊడ్చింది" అంది. ఆ ముక్క అప్పటిదాకా ఆమె కథలో లేదు. తర్వాత ఆమె ఆ కథ ఎప్పుడు చెప్పినా అక్కడినుంచే మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి నా ప్రణాళిక మార్చాను. గంటన్నరలో ఎక్కువ సమయం చెప్పడానికి కాకుండా అడగడానికి కేటాయించాను. మంచి ప్రశ్న అడిగేవాడు పక్కన ఉంటే, నేను నేర్పాలనుకున్న సగం పాఠాలు అవసరం పడలేదు.

ఇంకో చిన్న అభ్యాసం బాగా పనికొచ్చింది. విన్నవాడు ఆ కథని తన జోడీకే తిరిగి చెప్పాలి. అప్పుడు కథ ఎవరిదో వాళ్లకి తాము చెప్పినదాంట్లో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో తెలుస్తుంది. పెద్దవాళ్లు చేసే విమర్శ కంటే ఇది సూటిగా పని చేస్తుంది, ఎవరి మనసూ కష్టపడదు.

ఇంటికి పంపిన ప్రశ్నలు

ఇళ్లకి కావాలనే రెండు రకాల షీట్లు పంపాను. సగం మందికి మామూలు వివరాల షీటు: ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ సంవత్సరం, ఎవరెవరు, ఎందుకు. మిగతా సగం మందికి ఇంకో రకం. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో ఎవరు మేలుకుని ఉన్నారు? తీసుకెళ్దామనుకుని వదిలేసిన వస్తువు ఏంటి? పోదామని మొదట ఎవరన్నారు, వద్దని ఎవరన్నారు? దారిలో ముక్కూమొహం తెలియనివాళ్లు ఎవరైనా సాయం చేశారా? చేరాక మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు?

మొదటి రకం షీట్లు ఆ రాత్రే నిండాయి, ఒక్కో మాటతో. "ఎందుకు" అన్నచోట దాదాపు అందరూ "పని కోసం" అని రాయించుకొచ్చారు. రెండో రకం చాలా ఆలస్యంగా వచ్చాయి. కొన్నింట్లో గళ్లు ఖాళీగానే ఉన్నాయి. కానీ ఆ పిల్లలు షీటు నా చేతికి ఇస్తూనే మాట్లాడటం మొదలుపెట్టారు. రాయడానికి చోటు చాలలేదన్నారు. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేస్తే, ఆవిడ మర్నాడు మళ్లీ తనే ఫోన్ చేసి, "నిన్న ఒకటి చెప్పడం మర్చిపోయానే" అందట.

ఇందులో కొత్త సంగతేమీ లేదు. పెద్దవాళ్లు పిల్లలతో గడిచినదాని గురించి ఎలా మాట్లాడతారన్నదాని మీద మనస్తత్వ పరిశోధకులు రాబిన్ ఫైవుష్, న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో ఎలైన్ రీస్ ఏళ్ల తరబడి పని చేశారు. "ఎక్కడికి వెళ్లాం? ఎవరొచ్చారు?" అని జవాబు రాబట్టి వదిలేసే తల్లిదండ్రులు ఒక తీరు. "అప్పుడు నీకెలా అనిపించింది? ఆవిడ అలా ఎందుకంది?" అని, పిల్ల అన్న మాట మీద ఇంకో మాట కలుపుతూ పోయేవాళ్లు ఇంకో తీరు. రెండో తీరు ఇళ్లలో పెరిగిన పిల్లల కథల్లో వివరం, భావం ఎక్కువగా ఉంటాయి. ఆ తీరు తల్లులకి నేర్పితే నేర్చుకుంటారు కూడా. నా షీటు చేస్తున్నది కూడా ఇదే పని. కాకపోతే ఇక్కడ అడిగేది పిల్ల.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, ఫైవుష్ కలిసి 2001 ప్రాంతంలో 20 ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశారు. అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చిందో తెలుసా, ఇలాంటివి. పిల్లలు సొంతంగా చూసి తెలుసుకోలేనివి, ఎవరైనా చెబితేనే తెలిసేవి ఏరి పెట్టారు. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, నా జీవితం నా చేతిలో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. దీన్ని చూసి కొందరు ఆ జవాబులని బట్టీ పట్టించబోతారు. అలా కాదని డ్యూక్ స్వయంగా హెచ్చరించాడు. మేలు చేసేది జవాబు కాదు, ఆ జవాబు పిల్ల దాకా రావడానికి ఇంట్లో నడిచిన మాటలు, కలిసి కూర్చున్న పూటలు. తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడల్లా నేను ఈ మాట గట్టిగా చెబుతున్నాను. షీటు నింపి పంపేయకండి, పిల్లని అడగనివ్వండి.

వద్దన్నది ఎవరు?

షీటులో అన్నింటికంటే ఎక్కువ ఫలించిన ప్రశ్న ఇది. అంతవరకు పిల్లల కథల్లో కుటుంబమంతా ఒక్క మనిషిలా కదిలేది. "మేం వచ్చేశాం." ఈ ప్రశ్న పడగానే ఆ "మేం" విడివిడి మనుషులైపోయింది. నాన్న పోదామన్నాడు, నానమ్మ వద్దంది, అమ్మ ఎటూ చెప్పలేదు, అక్క తన పరీక్షలయ్యేదాకా ఆగమంది. ఎవరికి ఏం కావాలో తెలిసేసరికి కథలో బిగువు వచ్చింది. వినేవాళ్లు కూడా పక్షాలు తీసుకోవడం మొదలుపెట్టారు.

పదకొండేళ్ల అమ్మాయి ఒకామె తన ముత్తవ్వ కథ తెచ్చింది. అందరూ బండెక్కారు, ఆవిడ ఎక్కలేదు. గడప మీద కూర్చుని, తాళంచెవి కొంగున కట్టుకుని, "మీరు పోండి, నేను చూస్తుంటాను" అంది. ఎలా ఎక్కించారన్న దగ్గర రెండు కథలున్నాయి. తాతయ్య లెక్కలో కొడుకులే ఆవిడని ఎత్తి బండిలో కూర్చోబెట్టారు. తాతయ్య చెల్లెలి లెక్కలో అలా ఏమీ జరగలేదు. పాలు తాగే మనవడు ఏడుస్తుంటే వాణ్ని ఊరుకోబెట్టడానికి ఆవిడే లేచి వచ్చి ఎక్కింది, మళ్లీ దిగలేదు.

అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. "ఏది నిజం టీచర్? ఏది చెప్పాలి?" అని అడిగింది. నేను తేల్చలేదు, తేల్చే హక్కు నాకు లేదు. ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఇద్దరూ ప్రేమతోనే గుర్తు పెట్టుకున్నారు. రెండూ చెప్పమన్నాను, ఎవరు ఏది చెప్పారో పేరుతో సహా. ఆమె అలాగే చెప్పింది. తాతయ్యలా కూర్చుని ఒకటి, చిన్ననానమ్మ గొంతుతో ఇంకొకటి. అయ్యాక పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. ఎత్తుకెళ్లి ఉంటే ఆవిడకి కోపం రాలేదా? పిల్లవాడు ఏడవకపోతే నిజంగా ఉండిపోయేదా? ఆ వాదనకి నేను గడియారం పెట్టలేదు. ఆ రోజు వేసుకున్న మిగతా పనులన్నీ పక్కన పెట్టాను. కుటుంబ చరిత్ర అంటే ఒకే పాఠం కాదని, దాన్ని మోస్తున్న మనుషులని బట్టి మారుతుందని పదకొండేళ్లకే తెలుసుకోవడం ఎంతో విలువైన సంగతి. దాన్ని తొందరపెట్టి ముగించడం నాకిష్టం లేదు.

నేల మీద దారి

కథని కాగితం మీద రాయించడం లేదని ముందే చెప్పాను. రాసుకున్న పిల్లలు దాన్ని అప్పజెబుతారు. ఒక్క మాట మర్చిపోతే అక్కడే ఆగిపోతారు. దానికి బదులు సుద్దముక్కతో గది ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక గీత గీయిస్తున్నాను. అదే దారి. దాని మీద ఎన్ని మజిలీలైనా గుర్తు పెట్టుకోవచ్చు. తర్వాత వాటిలో మూడింటిని ఉంచి మిగతావి చెరిపేయాలి. చెరిపేయడం దగ్గరే అసలు ఆలోచన పుడుతుంది. "ఇది తీసేస్తే నీ కథకి ఏమవుతుంది?" అని అడుగుతాను. ఏమీ కాదంటే అది పోవాల్సిందే.

ఆ తర్వాత గీత మీద నడుస్తూ చెప్పాలి. మజిలీలో ఆగాలి, మజిలీల మధ్య నడవాలి. పన్నెండు గంటల రైలు ప్రయాణంలో ఏమీ జరగకపోతే నాలుగు అడుగులు, ఒక్క వాక్యం. ప్లాట్‌ఫాం మీద రెండు నిమిషాల్లో జరిగినదానికి అక్కడే నిలబడి ఎంతసేపైనా చెప్పొచ్చు. జరిగిన కాలం వేరు, చెప్పే కాలం వేరు అన్న సంగతి ఇలా కాళ్లతో తెలిసింది. నోటితో ఎంత వివరించినా ఇంత తొందరగా అర్థమయ్యేది కాదు. సిగ్గుపడే పిల్లలకి ఇంకో లాభం ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడేవాళ్లకి నడక ఒక పని ఇస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా గీత మీదే తేల్చుకుంటున్నాం. గీత మొదటి నుంచే నడవాలని లేదు. మధ్య మజిలీలో నిలబడి మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకి రావచ్చు. పెద్ద పిల్లలు దీన్ని వెంటనే అందుకున్నారు. ఎనిమిదేళ్లవాళ్లు మాత్రం వరసలోనే హాయిగా ఉన్నారు, వాళ్లని అలాగే ఉండనిచ్చాను.

చూసింది, విన్నది, అనుకున్నది

ఒక అబ్బాయి తనకి ఏడాది వయసప్పుడు ఊరు మారిన సంగతి కళ్లకి కట్టినట్టు చెప్పాడు. లారీ రంగు, వాన, నాన్న తడిసిన చొక్కా. మిగతావాళ్లు "నీకెలా గుర్తుంటుంది?" అని నిలదీశారు. పెద్దయ్యాక మనుషులకి మిగిలే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసువి. అంతకుముందువి చాలావరకు ఇతరులు చెప్పగా, ఫోటోలు చూడగా మనవైపోయినవే. అతను అబద్ధం ఆడటం లేదు. విని విని అది అతని జ్ఞాపకంలో కలిసిపోయింది.

దీనికోసం గీత మీద మూడు రంగుల చుక్కలు పెట్టించాను. నేను చూసింది తెలుపు, ఎవరో చెప్పగా విన్నది పసుపు, నేను అనుకుంటున్నది నీలం. నీలం వద్దని ఎప్పుడూ అనను. "అప్పుడు అమ్మకి భయమేసి ఉంటుంది" అని పిల్ల ఊహించడం అంటే అమ్మ స్థానంలో నిలబడటం. అంతకంటే కావాల్సింది ఏముంది? కాకపోతే అది ఊహ అని చెప్పి చెప్పాలి. పసుపు చుక్క దగ్గర ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. ఈ అలవాటు పడ్డాక కథల్లోకి చెప్పినవాళ్లు కూడా పాత్రలుగా వచ్చారు. తాతయ్య ఈ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ నవ్వుతాడు, నానమ్మ ఇక్కడికి రాగానే మాట మార్చేస్తుంది, ఇలా.

చెప్పకుండా ఉండే హక్కు

ప్రయాణాలన్నీ సంతోషంగా సాగినవి కావు. అప్పులవాళ్ల నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లున్నారు. అమ్మానాన్న విడిపోయి అమ్మతో వచ్చేసిన పిల్ల ఉంది. దారిలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ఉంది. అందుకని మొదటి రోజే నియమాలు పెట్టాను. ఏ కథ చెప్పాలన్నది పిల్ల ఇష్టం. ఇంట్లో ఆ కథ ఎవరిదో వాళ్ల అనుమతి కూడా కావాలి. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపేసి కూర్చోవచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. ఫోన్‌లో రికార్డు చేస్తే ఆ ఫైలు ఆ ఇంటికే ఇస్తాం, ఇంకెక్కడా పెట్టం.

కుటుంబం అన్న మాటని కూడా విశాలంగానే తీసుకుంటున్నాం. హాస్టల్లో ఉంటున్న ఒక పాప అక్కడ వంట చేసే ఆవిడ ప్రయాణం తెచ్చింది. ఎవరినైతే రోజూ చూస్తున్నామో, ఎవరి కథ అడిగే చనువు మనకుందో, ఆ మనిషిది తేవచ్చు.

కష్టం ఉన్న కథలని తీసి పక్కన పెట్టేయాలని మాత్రం నేను అనుకోను. డ్యూక్, ఫైవుష్ కుటుంబ కథలని మూడు రకాలుగా చూశారు. కింద నుంచి పైకి వచ్చామన్నవి, ఉన్నదంతా పోగొట్టుకున్నామన్నవి, మంచీ చెడూ రెండూ చూశాం, అయినా కలిసే ఉన్నామన్నవి. పిల్లలకి ఎక్కువ బలాన్నిచ్చేది మూడోదేనని వాళ్ల మాట. నా చిన్న గుంపులో కూడా అదే కనిపిస్తోంది. కష్టాన్ని దాచేసి చెప్పిన కథ దగ్గర పిల్లలే "మరి అప్పుడేం చేశారు?" అని అడుగుతున్నారు. వాళ్లకి తెలుసుకోవాల్సింది అదే. కష్టం వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేశారు?

ఒక అబ్బాయికి చెబుతూ చెబుతూ ఏడుపొచ్చింది. నేను లేచి వెళ్లలేదు. అతని జోడీ పక్కన కూర్చుని ఊ అంటూనే ఉన్నాడు. కాసేపటికి అబ్బాయి తనే అందుకున్నాడు. క్లాసయ్యాక వాళ్లమ్మతో విడిగా మాట్లాడి, ఇంట్లో ఎలా ఉన్నాడో కనుక్కున్నాను. ఇలాంటి ప్రాజెక్టు చేసేవాళ్లు ఈ చివరి పనికి సమయం తప్పకుండా ఉంచుకోవాలి.

గొంతు, ముగింపు

లేచి నిలబడగానే పిల్లల భాష మారిపోతుంది. ఇంట్లో "తాత ఉలకలేదు, పలకలేదు" అనే పిల్ల, నిలబడితే "మా తాతగారు చాలా విచారించారు" అంటుంది. మొదటిదే నాకు కావాలి. ఎవరి మాటలు వాళ్ల నోటితోనే రానివ్వమంటున్నాను. నానమ్మ యాస నానమ్మదే, దాన్ని దిద్దకూడదు. దీంతో సంభాషణలు పెరిగాయి, "చాలా బాధ", "చాలా సంతోషం" లాంటివి వాటంతటవే తగ్గాయి.

ముగింపుల్లో నీతివాక్యం మానిపించడానికి ఎక్కువ కాలం పట్టింది. "కాబట్టి మనం పెద్దలని గౌరవించాలి" అనకపోతే కథ అయినట్టు అనిపించదు వాళ్లకి. నీతికి బదులు, ఆ ప్రయాణం ఇప్పుడు మీ ఇంట్లో ఎక్కడుంది అని అడుగుతున్నాను. ఒక పాత ట్రంకుపెట్టె, ఇంకా వాడుతున్న ఒక మాట, ఏటా ఒక రోజు వచ్చే ఫోన్. దొరికితే అక్కడ ఆపుతారు. దొరకకపోతే చేరిన చోట ఆపుతారు, అదీ బాగానే ఉంటుంది.

ఇంటివాళ్లని పిలిచిన సాయంత్రం

స్టేజీ, మైకు పెట్టలేదు. గదిలో, వరండాలో చిన్న చిన్న వలయాలుగా కూర్చున్నాం. ఒక్కో వలయంలో నలుగురైదుగురు పిల్లలు, వాళ్ల ఇంటివాళ్లు. మైకు ముందు పిల్ల అప్పజెబుతుంది, మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చుంటే చెబుతుంది.

పెద్దలకి ఒకటే నియమం: కథ అయ్యేదాకా దిద్దకూడదు. "అది బుధవారం కాదమ్మా" అన్న మాట చాలామంది నోటిదాకా వచ్చి ఆగింది. అయ్యాక మాత్రం వాళ్లకి తెరిచిపెట్టాం. అప్పుడు కథలు రెండింతలయ్యాయి. ముత్తవ్వ కథ చెప్పిన అమ్మాయి తాతయ్య, తన చెల్లెలి లెక్క మొదటిసారి మనవరాలి నోట విన్నారు. కాసేపాగి, "పిల్లవాడు ఏడ్చిన మాట నిజమే, నేను ముందు బండిలో ఉన్నాను, వెనక ఏం జరిగిందో చూడలేదు" అన్నారు. అమ్మాయి వెంటనే, "మరి ఎత్తారని నీకెవరు చెప్పారు తాతయ్యా?" అని అడిగింది. పసుపు చుక్క ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలుసు. ఆయన తన అన్న పేరు చెప్పారు. ఆ అన్నగారు ఇప్పుడు లేరు. ఆయన కూతురు ఉంది, ఆవిడకి ఫోన్ చేస్తానంది అమ్మాయి.

ఇప్పుడు

రికార్డులు ఇళ్లకి పంచడం దాదాపు అయిపోయింది. ఇద్దరి విషయంలో ఇంటివాళ్ల అనుమతి ఇంకా రాలేదు, వాళ్ల కథలు గదిలోనే ఉంటాయి.

ఆరేడేళ్ల పిల్లలకి కూడా ఒక గ్రూపు పెట్టమని అడుగుతున్నారు. వాళ్లకి గీత, మజిలీలు బరువవుతాయి. వివియన్ పేలీ అనే అమెరికన్ టీచర్ తన కిండర్‌గార్టెన్ తరగతుల్లో చేసిన పద్ధతి వాళ్లకి సరిపోతుందనుకుంటున్నాను. పిల్ల చెబుతుంటే టీచర్ ఉన్నది ఉన్నట్టు రాసుకుంటుంది, తర్వాత తోటిపిల్లలు దాన్ని ఆడి చూపిస్తారు. ప్రయాణం కథలకి ఇది ఇంకా బాగా కుదురుతుంది. బస్సు కూడా పిల్లలే, వాన కూడా పిల్లలే.

పెద్ద పిల్లల తర్వాతి బ్యాచ్‌లో మొదటి కొన్ని వారాలు ఎవరూ కథ చెప్పరు. అడగడం, ఊకొట్టడం, విన్నది తిరిగి చెప్పడం, అంతే. ఇంటికి పంపే షీటులో నాలుగు ప్రశ్నలే ఉంచాను: వద్దన్నది ఎవరు, వదిలేసింది ఏంటి, దారిలో సాయం చేసింది ఎవరు, మొదటి రాత్రి ఎలా గడిచింది. కింద ఇంకో ప్రశ్నకి ఖాళీ గీత ఉంది. దాన్ని పిల్లలు ఇంట్లో ఆ నాలుగూ అడిగాక, అప్పుడు తట్టినదాంతో నింపుకు రావాలి.